ముందు పళ్లచక్రం, ఆ తర్వాతే మోటారు



వార్షికోత్సవ సంచిక అంటే కవితలుంటాయి, గురువులకు వందనాలుంటాయి, పాత జ్ఞాపకాలుంటాయి. మేము మాత్రం రిమోటు కార్ల గురించి రాస్తున్నాం. నవ్వకండి. ఈ నాలుగైదేళ్లలో మన పిల్లల డబ్బు, ధైర్యం రెండూ ఎక్కువగా పోయింది ఈ కార్ల దగ్గరే. సైన్స్ ఎగ్జిబిషన్లకి కారు, ఇన్‌స్పైర్ అవార్డుకి కారు, ఇంజనీరింగ్ కాలేజీల పండగల్లో పందేనికి కారు. చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు, మోటార్లు కాలుతూనే ఉన్నాయి.

మేము అంటే ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, కొందరం ఐటీఐకి, కొందరం పాలిటెక్నిక్‌కి, ఇద్దరం ఇంజనీరింగుకి వెళ్లిన పాత విద్యార్థులం. వీలైన ఆదివారాల్లో వచ్చి పిల్లలతో కూర్చుంటాం. అట్టా కూర్చుని చూసిన మీదట మాకు తేలింది ఏమిటంటే, మనవాళ్లు ఆఖర్న కొనాల్సిన వస్తువుని మొదట కొంటున్నారు. అదే మోటారు. బజారుకి పోయి "అన్నా, బాగా స్పీడు మోటారు ఇవ్వు" అంటారు. కొట్టువాడు వెయ్యి ఆర్‌పీఎం మోటార్లు నాలుగు చేతిలో పెడతాడు. బల్ల మీద గాల్లో పెట్టి తిప్పితే రయ్యిమంటుంది. నేల మీద పెడితే కదలదు, కదిలినా దిమ్మ ఎక్కదు. అప్పుడు ఇంకా పెద్ద బ్యాటరీ కావాలంటారు.

కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ కట్టిన ఊళ్లవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అంతెత్తు ప్రభని లాగే ట్రాక్టరు ఏ గేరులో పోతుంది? టాపు గేరులో వేస్తే ఇంజను ఆగిపోతుంది. ట్రాక్టరు అదే, డీజిలు అదే. గేరు మార్చితే అదే ఇంజను వేగం వదులుకుని బలం తెచ్చుకుంటుంది. మన కారులోనూ అంతే. మోటారు మీద చిన్న పళ్లచక్రం ఉంటుంది, దాన్ని పినియన్ అంటారు. అది తిప్పే పెద్దదాన్ని స్పర్ అంటారు. పెద్దదానికి 60 పళ్లు, చిన్నదానికి 20 పళ్లు ఉంటే నిష్పత్తి 3. వేగం మూడో వంతు అవుతుంది, తిప్పే బలం దాదాపు మూడింతలు అవుతుంది. దాదాపు అని ఎందుకన్నామంటే పళ్ల రాపిడికి కొంత పోతుంది. సైకిలుకి దీనికి తిరగబడిన లెక్క. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం పెట్టి కాలి బలాన్ని వేగంగా మార్చుకుంటాం. అందుకే వెనక ఎవరినైనా ఎక్కించుకుని ఎదురుగాలిలో తొక్కితే పిక్కలు పట్టేస్తాయి.

ఇంక లెక్కలోకి వద్దాం. లెక్క అనగానే పేజీ తిప్పకండి, ఇది ఏడో తరగతి లెక్కే.

చక్రం అడ్డంగా 10 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టు తిరిగితే 31.4 సెంటీమీటర్లు ముందుకి పోతుంది. చక్రం నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకి 5 చుట్లు, అంటే సుమారు ఒకటిన్నర మీటరు. గంటకి 5.6 కిలోమీటర్లు. గబగబా నడిచే మనిషి వేగం. చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, మలుపులు, దిమ్మలు, ఇసుక, కంకర ఉన్న పందెం బాటలో మలుపు తిరగలేని కారుకి వేగం ఎందుకు? అదే చక్రం 1000 చుట్లు తిరిగితే గంటకి 18.8 కిలోమీటర్లు. వరండాలో అది గోడకి కొట్టుకోవడానికే పనికొస్తుంది.

ఇప్పుడు బలం సంగతి. కారు బరువు 3 కిలోలు, ఎక్కాల్సిన వాలు 30 డిగ్రీలు. 30 డిగ్రీల వాలులో బరువులో సరిగ్గా సగం వెనక్కి లాగుతుంది, అంటే ఒకటిన్నర కిలో బరువంత లాగుడు. చక్రం ఇరుసు నుంచి నేలకి 5 సెంటీమీటర్లు. ఒకటిన్నరని అయిదుతో గుణిస్తే 7.5 కిలో సెంటీమీటర్లు. నాలుగు మోటార్లు పంచుకుంటే ఒక్కోదానికి రెండుకి కొంచెం తక్కువ. కిలో సెంటీమీటరు అంటే భయపడొద్దు. ఇరుసుకి 1 సెంటీమీటరు దూరాన 1 కిలో తూకంరాయి వేలాడదీస్తే పడే మెలి అది. కొట్లో మోటారు మీద రాసి ఉండేది చాలాసార్లు స్టాల్ టార్కు, అంటే మోటారు ఆగిపోయేంత బరువు. ఆగిపోయే బరువు దగ్గర ఎవరూ పని చేయించరు. టిక్కీ మోసే ముఠా కూలీ ఒక్క అడుగు వేయగలిగినంత బరువుని రోజంతా మోయమంటే మోస్తాడా? అందుకని మనకి కావలసినదానికి మూడు నాలుగింతలు ఉన్న మోటారు చూసుకోవాలి. ఇక్కడ రెండు కావాలి గాబట్టి ఆరు నుంచి ఎనిమిది కిలో సెంటీమీటర్లు.

మన పిల్లలు జాన్సన్ మోటార్లు అని పిలిచేవి ఉన్నాయి. లోపల మోటారు ఒకటే రకం. ముందు ఉన్న గేర్ల డబ్బాని బట్టి 100, 300, 500, 1000 ఆర్‌పీఎం అని అమ్ముతారు. చాలామందికి ఈ ముక్క తెలియదు. వెయ్యి అంటే మూడు వందలకంటే మంచి మోటారు అనుకుంటారు. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, గేరు వేరు. పై లెక్క ప్రకారం ఆ వాలుని 300 చుట్ల వేగంతో ఎక్కాలంటే 23 వాట్ల పని జరగాలి. గేర్లలోనూ మోటారులోనూ సగం పోయిందనుకుంటే బ్యాటరీ నుంచి 46 వాట్లు రావాలి. 12 వోల్టుల మీద అది సుమారు 4 ఆంపియర్లు. అదే వాలుని 1000 చుట్ల వేగంతో ఎక్కాలంటే 13 ఆంపియర్లకి దగ్గర. మోటారు ఒకటే అయినప్పుడు ఆ మిగతా 9 ఆంపియర్లు ఎక్కడినుంచి వచ్చి, దేన్ని కాల్చి పోతాయో ఆలోచించండి.

మొదట పోయేది మధ్యలో ఉన్న డ్రైవరు బోర్డు. ఎల్298 అనే ఎర్ర బోర్డుని అందరూ వాడతారు, ఎందుకంటే చవక. దాని తాహతు ఒక్కో వైపుకి 2 ఆంపియర్లు. పైగా మోటారుకి వెళ్లే వోల్టేజిలోంచి సుమారు 2 వోల్టులు తానే తినేసి వేడి చేసుకుంటుంది. పుస్తకంలో 12 వోల్టులు, మోటారు దగ్గర 10. ఒక్కో వైపు రెండు మోటార్లు కలిపి పెట్టి దిమ్మ ఎక్కిస్తే ఆ బోర్డు కొనకి వచ్చి నిలబడుతుంది. చక్రం ఎక్కడైనా ఇరుక్కుంటే అంతే. పెద్ద మోటార్లు వాడేవాళ్లు బీటీఎస్7960 చిప్పులున్న బోర్డు ఒక్కో వైపుకి ఒకటి పెట్టుకోవడం మేలు. చిన్న పిల్లలకి పసుపుపచ్చ బీఓ మోటార్లు చాలు. అందులో 48కి 1 గేరు ముందే ఉంటుంది, ఎల్298 దానికి సరిపోతుంది. ఆరో తరగతి పిల్లవాడికి జాన్సన్ మోటార్లు కొనిపెట్టే అన్నయ్యలు ఉత్సాహం కొంచెం తగ్గించుకోవాలని మా మనవి.

ఇరుక్కుంటే ఎందుకు కాలుతుంది అన్నది పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. మోటారు తిరుగుతున్నప్పుడు తనే కొంత ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది, అది కరెంటుని ఆపుతుంది. ఆగిపోతే ఆ ఎదురు ఉండదు. తీగచుట్ట నిరోధం ఒక్కటే అడ్డం. అది 2 ఓములు అనుకుంటే 12 వోల్టుల మీద 6 ఆంపియర్లు, 72 వాట్లు, మొత్తం వేడే. 25 వాట్ల సోల్డరింగు కర్రలు మూడింటిని గుప్పెడంత రేకు డబ్బాలో పెట్టి మూత వేసినట్టు.

ఇక్కడ మన పొలాల అనుభవం మనల్ని తప్పుదోవ పట్టిస్తోంది. మన ఇళ్లలో అందరికీ తెలుసు, లో వోల్టేజి వస్తే బోరు మోటారు కాలుతుంది. నరసరావుపేటలోనో, చిలకలూరిపేటలోనో, దర్శిలోనో రీవైండింగు షాపు ముందు రైతు కూర్చున్నాడంటే కారణం చాలాసార్లు అదే. పంపుసెట్టులో ఉండేది ఇండక్షన్ మోటారు. వోల్టేజి తగ్గినా దాదాపు అదే వేగంతో అదే నీళ్లు తోడాలని చూస్తుంది, అందుకని కరెంటు ఎక్కువ లాగుతుంది. దీన్ని చూసి మన పిల్లలు "వోల్టేజి చాలక కాలింది, పెంచుదాం" అంటారు. బ్రష్షులున్న చిన్న డీసీ మోటారు అలాంటిది కాదు. వోల్టేజి తగ్గితే నెమ్మదిస్తుంది, అంతే. వోల్టేజి రెట్టింపు చేస్తే ఖాళీగా తిరిగే వేగం రెట్టింపు, ఇరుక్కున్నప్పుడు కరెంటు రెట్టింపు, వేడి మాత్రం నాలుగింతలు. 6 వోల్టుల మోటారుకి 12 వోల్టులు ఇచ్చి "పరిగెత్తింది చూశావా" అనేవాడు రెండు నిమిషాల తర్వాత కనపడడు.

అలాగని వోల్టేజి ఎక్కువ ఉండకూడదని మా ఉద్దేశం కాదు. అంతే పనిని ఎక్కువ వోల్టేజితో చేయించుకుంటే కరెంటు తగ్గుతుంది. కరెంటు సగమైతే తీగల్లో వేడి నాలుగో వంతు అవుతుంది. ఊళ్లోకి 11 వేల వోల్టుల లైను వచ్చి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దిగి, ఇంటికి 230 అయ్యేది అందుకే. అయితే ఆ ఎక్కువ వోల్టేజికి తగ్గ మోటారు ఉండాలి, దానికి తగ్గట్టు గేరు కూడా పెంచుకోవాలి. మూడూ ఒకేసారి కదలాలి. చాలా పోటీల్లో ఎటూ 12 వోల్టులు దాటనివ్వరు గనక, 12కి ఖరారు చేసుకుని మిగతా ఆట గేరు మీద ఆడటమే తెలివి.

బ్రష్షులు లేని మోటార్ల మీద కేవీ అని ఒక అంకె ఉంటుంది. అది కిలోవోల్టు కాదు, ఒక్క వోల్టుకి ఎన్ని చుట్లు అన్నమాట. 3300 కేవీ మోటారుకి 11.1 వోల్టుల లైపో బ్యాటరీ పెడితే ఖాళీగా నిమిషానికి 36 వేల పైచిలుకు చుట్లు. గేరు 8, చక్రం ఆరున్నర సెంటీమీటర్లు అయితే గంటకి 56 కిలోమీటర్లు వస్తుంది కాగితం మీద. మన కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. ఒక్క సెకను పట్టదు దాటడానికి. ఆ మోటారు చూసి ముచ్చటపడండి గానీ ఇప్పుడే కొనకండి.

నేల సంగతి కూడా చూడాలి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు 2022 ఏప్రిల్లో విడిపోయి పల్నాడు, బాపట్ల వచ్చాయి గానీ నల్లరేగడికి ఆ గీతలు తెలియవు. వాన పడ్డాక పత్తి చేలో నాలుగడుగులు వేస్తే ఒక్కో కాలికి అరకిలో మట్టి అంటుకుంటుంది. కారు చక్రానికీ అంతే. మట్టి అంటితే బరువు పెరుగుతుంది, చక్రం లావై గేరు కూడా మారినట్టవుతుంది. రెండూ మోటారు మీద పడతాయి. "పెద్ద చక్రాలు వేస్తే బురదలో పోతుంది" అనే మాట సగమే నిజం. చక్రం ఎంత పెద్దదైతే గేరు అంత తగ్గించినట్టు. చక్రం మార్చినవాడు పళ్లచక్రం కూడా మార్చాలి. టైరు జారుతుంటే మాత్రం ఏ మోటారూ ఏమీ చేయలేదు, సైకిలు ట్యూబు కోసి చుట్టండి.

చేలో కనబడే ఇంకో వస్తువు బ్యాటరీ స్ప్రేయరు. పాడైపోయిన స్ప్రేయరు విప్పి మోటారు, 12 వోల్టుల బ్యాటరీ తీసుకుని కారు చేద్దామని సెలవుల నుంచి వచ్చేటప్పుడు పిల్లలు సంచిలో వేసుకొస్తున్నారు. దీన్ని మేము గట్టిగా వద్దంటున్నాం. మిరపకి ఎన్ని మందులు కొడతారో, 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు ఎన్ని కొట్టారో మీ ఇళ్లలోనే చూశారు. ఆ పంపులో, గొట్టంలో, జాయింట్లలో ఆ మందు ఉంటుంది. దాన్ని గదిలో విప్పి, అవే చేతులతో అన్నానికి వెళ్లడం ఏ ప్రైజుకీ సమానం కాదు. పైగా ఆ మోటారు పంపు కోసం చేసింది, గేరు లేకుండా చక్రానికి పెడితే కదలదు. అందులో ఉండే సీసం బ్యాటరీ 7, 8 ఆంపియర్ అవర్లది రెండు కిలోల పైనే తూగుతుంది. కారు తన బ్యాటరీని మోయడానికే సరిపోతుంది.

తొమ్మిది వోల్టుల పలక బ్యాటరీ గురించి ఒక్క వాక్యం: అది మల్టీమీటరుకి, మోటారుకి కాదు. ఇక లైపో బ్యాటరీ. మూడు సెల్లులది 2200 ఎంఏహెచ్ రెండు వందల గ్రాములు కూడా ఉండదు, కావలసినంత కరెంటు ఇస్తుంది, అందుకే అందరికీ దాని మీద మనసు. కానీ సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే దిగకూడదు. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జి చేయకూడదు. రేకు పెట్టెలు, దుప్పట్లు, పుస్తకాలు కలిసి ఉండే గదిలో, రాత్రి మంచం కింద ఛార్జింగు పెట్టి పడుకోవడం మేము చూశాం. ఒక గదిలో ఎంతమంది పడుకుంటారో మీకు తెలుసు. వరండాలో సిమెంటు గచ్చు మీద, పగలు, ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఛార్జి చేయాలి. దీనికి ఒప్పుకోనివాడికి లైపో ఇవ్వకూడదు.

డబ్బు సంగతి చెప్పకుండా ఇదంతా చెప్పడం అన్యాయం. ఇన్‌స్పైర్ కింద ఎంపికైన విద్యార్థికి 10 వేల రూపాయలు వస్తాయి. మన పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు మిరపకాయ కోతకి, పత్తి తీతకి వెళ్లేవాళ్లే. అంత మొత్తం ఒక్క పిల్లవాడి పేరు మీద రావడం ఇంట్లో పండగే. ఆ డబ్బు నేరుగా ఒక షాపుకి పోతోంది. షాపువాడు తీగలన్నీ టేపు చుట్టి, రంగులేసి, రెడీమేడ్ ప్రాజెక్టు చేతికిస్తాడు. మా హాస్టలు పిల్లవాడొకడు అట్టాంటి కారుతోనే జిల్లా స్థాయికి వెళ్లాడు. "ఈ మోటారు 300 ఎందుకు పెట్టావు, 100 పెడితే ఏమయ్యేది?" అని న్యాయనిర్ణేత అడిగితే తల దించుకున్నాడు. పక్కన ఒకాయన "వీళ్లు కొనుక్కొచ్చుకుంటారు లెండి" అన్నాడట. ఆ "వీళ్లు" అనే మాట దగ్గరే మాకు మండింది. ఆ పిల్లవాడు లెక్కల్లో క్లాసు ఫస్టు. పైన రాసిన లెక్క వాడికి ఒక్క సాయంత్రం పని. ఎవరూ చెప్పలేదు, అంతే.

1976లో జపానులో తమియా కంపెనీ తన మొదటి రిమోటు కారు పోర్షె 934 తెచ్చినప్పుడు అది డబ్బాలో ముక్కలుగా వచ్చేది. కొన్నవాడే బిగించుకోవాలి. అక్కడి పిల్లలు పినియన్ ఒక పన్ను పెంచి, అయిదు నిమిషాలు నడిపి, మోటారు వేడి చూసి, మళ్లీ ఒక పన్ను తగ్గించి నేర్చుకున్నారు. మన పిల్లలకి కావలసింది ఆ అవకాశమే. మోటారు మీద వేలు పెట్టి అయిదు లెక్కపెట్టేలోగా తీసేయాల్సి వస్తే గేరు తప్పు. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు. అటల్ టింకరింగ్ ల్యాబు వచ్చిన బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఉంటుంది, అది రాని బళ్ల పిల్లలు ఊరుకోవాలా?

మన హాస్టలు హాల్లో అంబేడ్కర్ గారి పటం కింద కూర్చుని చదువుకున్నాం అందరం. రాజ్యాంగం సంగతి ప్రతి ఉపన్యాసంలో వింటాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడిగా ఉన్నప్పుడు దేశంలో కరెంటు వ్యవహారం కూడా ఆయన శాఖ కిందే ఉండేదని మాత్రం ఎవరూ చెప్పరు. వోల్టులు, వాట్లు మనకి దూరపు విషయాలేం కావు.

అందుకని పాత విద్యార్థుల సంఘం పెద్దలకి మా మనవి. ప్రతి ఏడూ షీల్డులు, శాలువాలు, ఫ్లెక్సీలకి అయ్యే ఖర్చులోంచి హాస్టలుకో పెట్టె కొనండి. ఒక మల్టీమీటరు, సోల్డరింగు కర్ర, స్ప్రింగు త్రాసు, స్క్రూడ్రైవర్లు, రకరకాల పళ్ల సంఖ్యలతో ప్లాస్టిక్ గేర్లు, బీఓ మోటార్లు ఎనిమిది, 100, 300 ఆర్‌పీఎం జాన్సన్లు నాలుగేసి, రెండు డ్రైవరు బోర్డులు. పెట్టె తాళం వార్డెన్ గారి దగ్గర కాకుండా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఉండాలి. పోయినవి పోతాయి, కాలినవి కాలతాయి. కాలినదాన్ని పారేయకుండా విప్పి చూడనివ్వాలి.

ఇంకొక మాట. ఈ కార్లు చేసేవాళ్లంతా మగపిల్లలే అని కొందరు అన్నారు. ఆడపిల్లల హాస్టలు నుంచి బజారుకి వెళ్లి మోటారు కొనుక్కురావడానికి గేటు దాటనిచ్చేదెవరు? మా చెల్లెళ్లు కావలసిన వస్తువు పేరు చీటీ మీద రాసి ఎవరో ఒక అన్నయ్యకి ఇచ్చి పంపుతారు, ఆయన వేరేది తెస్తాడు. పోయిన ఏడు ఒక చెల్లెలు 100 ఆర్‌పీఎం అని లెక్క కట్టి రాస్తే, "అది మరీ స్లో అమ్మా" అని 500 తెచ్చి ఇచ్చారు. ఆ అమ్మాయి లెక్కే కరెక్టు.

కాబట్టి మొదటి పెట్టె ఆడపిల్లల హాస్టలుకే వెళ్లాలి. దానికి కావలసిన డబ్బు మేము తలా కొంచెం వేసుకుని సగం దాకా తెచ్చాం. మిగతా సగం కోసం వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర ఒక డబ్బా పెట్టి కూర్చుంటాం. పాత మోటార్లు, గేర్లు, బొమ్మ కార్లు ఇంట్లో మూలపడి ఉన్నవాళ్లు అవి తెచ్చినా తీసుకుంటాం, స్ప్రేయర్లు తప్ప.